బల్బు నొక్కితే నడుస్తోంది, వదిలితే ఆగుతోంది

ప్రశ్న: అన్నగారూ, మాది మద్రాసు తిరువొత్తియూరు. నాన్నగారు పోయి మూడేళ్లయింది. ఆయన వాడిన రెండు సిలిండర్ల 15 హార్స్‌పవర్ పెట్రోలు అవుట్‌బోర్డ్ మోటారు (బోటు వెనక తగిలించేది) అప్పటి నుంచి మెట్ల కింద గోనెపట్టాలో చుట్టి ఉంది. ఈ సంక్రాంతికి బయటికి తీశాను. కొత్త ప్లగ్గులు వేశాను, ట్యాంకులో పాత పెట్రోలు మీదే కొత్తది పోశాను. ఇరవై సార్లు తాడు లాగితేగాని అందుకోదు. అందుకున్నాక నెమ్మదిగా ఎంతసేపైనా తిరుగుతుంది. పళవేర్కాడు (పులికాట్) సరస్సులో బోటుకు తగిలించి వేగం పెంచితే మాత్రం రెండు మూడు వందల మీటర్లు పోయేసరికి గొంతు సన్నబడి ఆగిపోతుంది. పైపు మధ్యలోని రబ్బరు బల్బు నాలుగైదు సార్లు నొక్కితే మళ్లీ నడుస్తుంది. ఒక మెకానిక్కు కార్బురేటర్ మొత్తం మార్చాలన్నాడు. ఇంకొకాయన, కాశిమేడు చేపల రేవులో అందరూ కిరసనాయిలే పోస్తారు, మీరూ అదే పోయండి అన్నాడు. పాత ఇనుము వాడికి ఇచ్చేయమని మా ఆవిడ అంటోంది. ట్యాంకు మీద నాన్నగారు రంగుతో '40' అని రాసుకున్నారు, అదేమిటో కూడా తెలియదు. ఏం చేయమంటారు?

సమాధానం: తమ్ముడూ, మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన మాట ఒక్కటే: బల్బు నొక్కితే నడుస్తుంది. ఆ ఒక్క మాటతో సగం జబ్బు తెలిసిపోయింది. ప్లగ్గుల్లో నిప్పు వస్తోంది, సిలిండర్లలో ఒత్తిడి ఉంది, కార్బురేటర్ జెట్లు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలు) పూర్తిగా పూడిపోలేదు. పెట్రోలు అందిస్తే పరుగెత్తడానికి మోటారు సిద్ధంగా ఉంది. అందించే దారిలోనే ఎక్కడో తేడా ఉంది. మీ అరచేయి చేస్తున్న పనిని మోటారు తనంతట తాను చేసుకోలేకపోతోంది. కొత్త కార్బురేటర్‌కు డబ్బు కట్టకండి.

ఆగిపోయే తీరు కూడా అదే చెబుతోంది. ప్లగ్గులకు నిప్పు అందించే కాయిల్ వేడెక్కి నిప్పు పోతే మోటారు స్విచ్ తీసేసినట్టు టక్కున ఆగుతుంది. పెట్రోలు అందకపోతే అలా కాదు, మీరు రాసినట్టే గొంతు సన్నబడుతుంది, ఒక్కోసారి చివర్లో దీపం ఆరేముందు వెలిగినట్టు వేగం పెరిగి మరీ ఆగుతుంది. కార్బురేటర్ కింది గిన్నెలో కాస్త పెట్రోలు ఎప్పుడూ నిలవ ఉంటుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు కొద్దికొద్దిగా వచ్చేది కూడా సరిపోతుంది. వేగం పెంచిన క్షణం నుంచి ఆ గిన్నె ఖాళీ అవుతూ వస్తుంది. మీ రెండు వందల మీటర్లు ఆ గిన్నెలో ఉన్న పెట్రోలు ఖరీదు, అంతే.

ఇంత నమ్మకంగా చెబుతున్నానంటే ఒకప్పుడు నేనూ తప్పు చేసినవాణ్నే. పని నేర్చుకున్న కొత్తలో ఒక మోటారు కార్బురేటర్‌ను కాశిమేడు ఒడ్డున ఎర్రటి ఎండలో మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాను. నాలుగోసారి విప్పబోతుంటే, వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన లేచివచ్చి ట్యాంకు మూత మీది చిన్న మరను రెండు చుట్లు తిప్పి వెళ్లి కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. మోటారు సాయంత్రం దాకా ఆగలేదు. ట్యాంకులోకి గాలి పోయే దారి మూసి ఉంది, లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు కదలడం లేదు. అప్పటి నుంచి ఏ మోటారు వచ్చినా నా చేయి ముందు ట్యాంకు మూత మీదికే పోతుంది.

మీరూ అక్కడే మొదలుపెట్టండి. ఈసారి మోటారు ఆగినప్పుడు మూత మెల్లగా తెరవండి. 'ఉస్సు' మని గాలి లోపలికి పీల్చుకుందంటే గాలి మర మూసుకుపోయినట్టే. మర తిప్పే ఉన్నా దాని రంధ్రంలో ఉప్పు, తుప్పు, ఒక్కోసారి పురుగు కట్టిన మట్టి గూడు అడ్డుపడతాయి. మూడేళ్లు మెట్ల కింద ఉన్న ట్యాంకు కదా.

ఇక బల్బు. దాన్ని పంపు అనుకుంటారు అందరూ. నాకది నాడి చూసే మణికట్టు. బోటును గట్టి గుంజకు కట్టి, ఒకరు వేగం పెంచుతుంటే ఇంకొకరు బల్బును అరచేతిలో ఊరికే పట్టుకుని ఉండాలి, నొక్కకూడదు. మోటారు గొంతు మారుతున్నప్పుడు బల్బు చప్పిడి బుగ్గలా లోపలికి పీల్చుకుపోతే అడ్డంకి బల్బుకూ ట్యాంకుకూ మధ్య ఉంది: గాలి మర, ట్యాంకులోని పీల్చే గొట్టం అడుగున ఉండే జల్లెడ, లేదా ఆ వైపు పైపు. బల్బు చప్పబడకుండా డొల్లగా, మెత్తగా ఉండి, గట్టిపడడానికి నాలుగైదు నొక్కులు పడుతుంటే దారిలో ఎక్కడో గాలి చొరబడుతోంది. నిండుగానే ఉండి, ఒకటి రెండు నొక్కులకే మోటారు కోలుకుంటే ఇంజిను మీదున్న పెట్రోలు పంపు బలహీనపడింది. రాయిలా గట్టిగా ఉండి కూడా మోటారు ఆగితే, అప్పుడు మాత్రమే కార్బురేటర్ వైపు, దానికి ముందున్న చిన్న ఫిల్టరు వైపు చూడాలి. మీరు నాలుగైదు నొక్కులు అన్నారు కాబట్టి నా అనుమానం మొదట గాలి చొరబడడం మీద, తర్వాత పంపు మీద.

బల్బు మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజిను వైపు చూడాలి. నవ్వకండి, తిరగేసి బిగించినవాళ్లను చూశాను.

గాలి చొరబడే చోటు కనిపెట్టడం కష్టం, ఎందుకంటే చుక్క కూడా బయటికి కారదు. మోటారు నడిచేటప్పుడు ఆ పైపులో పీల్చుడు తప్ప తోపుడు ఉండదు. కొబ్బరిబొండంలో పెట్టిన స్ట్రాకు పగులు ఉంటే నీళ్లకు బదులు గాలి వస్తుందే, అదే ఇది. బల్బుకూ ఇంజినుకూ మధ్య భాగాన్ని పరీక్షించడం తేలిక: బల్బు బాగా గట్టిపడేదాకా నొక్కి, కీళ్ల చుట్టూ పాత దినపత్రిక ముక్క చుట్టి చూడండి. తడి అంటితే అదే చోటు. ఎక్కువసార్లు దొంగ దొరికేది ఇంజినుకు తగిలించే కనెక్టర్ లోపలి చిన్న రబ్బరు రింగు దగ్గర. ఏళ్ల తరబడి తగిలించి తీసి అది అరిగిపోతుంది, ఎండిపోతుంది. ట్యాంకు వైపు భాగానికి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, బల్బు నొక్కినా అటువైపు ఒత్తిడి పుట్టదు. అక్కడ జానెడు పారదర్శకమైన పైపు ముక్కను తాత్కాలికంగా మధ్యలో బిగించి మోటారు నడపండి. బుడగలు వరుసగా పోతుంటే కంటికే కనిపిస్తాయి. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పైపు లాంటిదైనా సరే, ఒక పూట పరీక్షకు చాలు. దాన్నే వదిలేయకండి, పెట్రోలుకు అది బిరుసెక్కి పగులుతుంది.

పైపు గురించి ఇంకో మాట. పైకి నల్లగా నిగనిగలాడుతున్న పైపును నమ్మకండి. నా దుకాణంలో ఒక పైపు ముక్కను నిలువునా బ్లేడుతో చీల్చి గోడకు కొట్టి ఉంచాను, వచ్చినవాళ్లకు చూపించడానికి. పైన గీత కూడా లేదు. లోపలి పొర మాత్రం ఒకచోట ఊడి, వడియాల పిండి ఎండి పెచ్చు లేచినట్టు లేచి నిలబడింది. మెల్లగా పీలిస్తే పెట్రోలు దాని పక్క నుంచి పోతుంది. గట్టిగా పీలిస్తే ఆ పెచ్చు తలుపులా మూసుకుంటుంది. ఆగాక కాసేపటికి మళ్లీ తెరుచుకుంటుంది. ఇలాంటి మోటారుతో మనిషికి పిచ్చెక్కుతుంది. ఇంజిను పాతదైతే పైపు, బల్బు, రెండు కొసల కనెక్టర్లు మొత్తంగా మార్చేయమంటాను, పరీక్షలకు తీరిక లేనివాళ్లకు ఇదే దగ్గరిదారి. పుదుపేటలో పాత విడిభాగాలు ఏవైనా దొరుకుతాయి కదా అని పైపు అక్కడ కొనకండి. పాత ఇనుప భాగం కొనవచ్చు, పాత రబ్బరు కొనకూడదు.

పైపులు పాడవడానికి ఇప్పుడు ఇంకో కారణం ఉంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో బంకుల్లోకి రావడం మొదలైంది, ఇప్పుడు మామూలుగా దొరికేది అదే. మీ నాన్నగారి కాలం నాటి రబ్బరు దీనికోసం తయారైనది కాదు. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, తర్వాత పొడిపొడిగా రాలుతుంది. పైగా ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. మద్రాసు తేమ సంగతి మీకు చెప్పాలా? సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పగలు వేడికి ఆవిరి వదిలి, రాత్రి చల్లబడి తేమ గాలిని పీలుస్తుంది. నీళ్లు ఒక మోతాదు దాటాయంటే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున చేరతాయి. మీరు పెట్రోలులో కలిపి పోసిన నూనె పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. పీల్చే గొట్టం ఉండేది అడుగునే. అంటే ఇంజిను నూనె లేని ద్రవం తాగుతుంది. మీ మోటారు లాంటి రెండు స్ట్రోకుల ఇంజినులో బేరింగులకూ పిస్టన్లకూ నూనె అందేది ఆ పెట్రోలులో కలిసి వచ్చినదే కాబట్టి, ఆగిపోవడం కన్నా నడవడమే ఎక్కువ ప్రమాదం.

అందుకే ట్యాంకులోని పాతా కొత్తా మొత్తం తీసేయండి. ముందు ట్యాంకు అడుగు నుంచి ఒక గ్లాసెడు, కార్బురేటర్ గిన్నె అడుగున ఉండే మర విప్పి అక్కడి నుంచి కొంచెం, రెండు గాజు సీసాల్లో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచి చూడండి. అడుగున వేరే పొర, నీటి పూసలు, ఎర్రటి తుప్పు కనిపిస్తే ట్యాంకు కడగక తప్పదు. రేకు ట్యాంకులో తుప్పు రేణువులు పీల్చే గొట్టం జల్లెడకు అతుక్కుని దారి మూస్తాయి, మోటారు ఆగగానే రాలిపోతాయి, ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది. తీసిన పెట్రోలును బకింగ్‌హాం కాలువలో పోయకండి. విడిభాగాలు కడుక్కోవడానికి ఏ బండి మెకానిక్కైనా తీసుకుంటాడు. ఈ పనంతా ఆరుబయట చేయండి, మెట్ల కింద చేయకండి. పెట్రోలు ఆవిరి నేలబారుగా పాకుతూ పోతుంది, పక్కింటి పొయ్యి దాకా పోగలదు.

ఇక పంపు. ఇంజిను పక్కన అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా, నాలుగు మరలతో బిగించిన డబ్బా లాంటిది ఉంటుంది. దాని లోపల ఒక పల్చటి పొర. పిస్టన్ ముందుకు వెనక్కి కదిలేటప్పుడు క్రాంక్ గదిలో (పిస్టన్ వెనక ఉండే మూసిన గది) ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఆ ఒత్తిడికి ఈ పొర డప్పు చర్మంలా కొట్టుకుంటూ పెట్రోలును తోస్తుంది. తాడు లాగేటప్పుడు ఆ ఒత్తిడి మరీ తక్కువ, పొర బిగుసుకుపోయి ఉంటే అసలు కదలదు. మీ ఇరవై లాగుళ్లకు ఇదీ ఒక కారణం కావచ్చు. పొరను విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. సూదిమొన అంత వెలుగు చుక్క కనిపించినా, అప్పడంలా బిరుసెక్కి అలలు తేలినా పారేయండి. పక్కనే ఉండే రెండు చిన్న రేకులు చదునుగా ఆని కూర్చోవాలి, అంచు లేచి ఉంటే అవీ మార్చాలి. పొరకు చిల్లు పడితే పెట్రోలు నేరుగా క్రాంక్ గదిలోకి పోతుంది, అప్పుడు ఒక సిలిండరు ప్లగ్గు తడిసి నల్లగా, రెండోది మామూలుగా ఉంటుంది. కాబట్టి తీసిన ప్లగ్గులను ఏది ఏ సిలిండరుదో కలిసిపోకుండా పక్కపక్కన పెట్టి చూడండి. పంపు మరమ్మతు కిట్ ఖరీదు కార్బురేటర్‌తో పోలిస్తే ఏ మూలకూ రాదు. కొనబోయే ముందు మోటారును బోటుకు బిగించే బ్రాకెట్ మీది ప్లేటు చూసి మోడల్ నంబరు రాసుకోండి. కాశిమేడు రేవు దగ్గర బోటు సామాన్లు అమ్మేవాళ్లు ముందు అడిగేది అదే.

ఇన్ని చేశాక కూడా కార్బురేటర్ విప్పాల్సి వస్తే విప్పండి, అది మహా విద్యేమీ కాదు. జెట్లను మాత్రం పిన్నీసుతో గుచ్చకండి. ఇత్తడి రంధ్రం వెంట్రుకంత పెద్దదైనా లెక్క మారిపోతుంది. కార్బురేటర్ శుభ్రం చేసే ద్రవంలో నానబెట్టి గాలి ఊదితే చాలు.

తాడు లాగే పద్ధతి కూడా ఒకసారి సరిచూసుకోండి. ముందు ఆపు స్విచ్‌కు తగిలించే తాడు క్లిప్పు దాని చోట ఉందా? అది ఊడి ఉంటే ఇరవై కాదు, రెండు వందల సార్లు లాగినా అందుకోదు. గేరు న్యూట్రల్‌లో, బల్బు గట్టిపడేదాకా నొక్కి, వేగం పిడి స్టార్ట్ గుర్తు దగ్గర, చోక్ పూర్తిగా బయటికి. తాడును పళ్లు అందుకునేదాకా మెల్లగా లాగి, అక్కడి నుంచి ఒక్క ఊపున లాగాలి. ఒకసారి దగ్గినట్టు శబ్దం వస్తే చోక్ సగం తోసేయండి. చాలామంది ఆ దగ్గును లెక్కచేయకుండా చోక్ అలాగే ఉంచి లాగుతూ పోతారు, ప్లగ్గులు తడిసి ముద్దవుతాయి. అలా అయితే చోక్ పూర్తిగా లోపలికి తోసేసి, ప్లగ్గులు విప్పి ఆరబెట్టి, వాటి వైర్లను ఇంజిను లోహానికి ఆనించి, నాలుగైదు సార్లు తాడు లాగి లోపలి తడి పోగొట్టండి. వైర్లను గాలిలో వదిలి లాగకండి. నిప్పురవ్వ పెట్రోలు ఆవిరి మీద పడుతుంది, లేదా నిప్పు పుట్టించే పెట్టె కాలిపోతుంది. రెండూ నష్టమే.

కిరసనాయిలు సలహా ఇచ్చినాయన మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. జాలరులు వాడే కిరసనాయిలు మోటార్లు వేరే రకం, వాటిలో కంప్రెషన్ (సిలిండరు లోపలి ఒత్తిడి) తక్కువగా ఉండేలా తయారుచేస్తారు. వాటినీ పెట్రోలుతోనే మొదలుపెట్టి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చి, ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు మారుస్తారు. మీ పెట్రోలు మోటారులో పోస్తే లోపల టకటకమని కొట్టుకుని పిస్టను పాడవుతుంది.

ఒడ్డున పరీక్షించేటప్పుడు నీళ్లు లేకుండా అర నిమిషం కూడా నడపకండి. పంకా పైన ఉండే అడ్డపలక మునిగేలా డ్రమ్ములో నీళ్లు పోయండి. వెనక చిన్న రంధ్రం నుంచి సన్నని ధార రావాలి. రాకపోతే వెంటనే ఆపండి. నీళ్ల పంపులోని రబ్బరు రెక్కలు మూడేళ్లు ఒకే వైపు వంగి ఉండి అలాగే బిగుసుకుపోతాయి, అడిగినా అడగకపోయినా మార్చాల్సినవే. పళవేర్కాడులో మళ్లీ నీళ్లలోకి దిగినప్పుడు తెడ్లు, లంగరు తప్పకుండా ఉంచుకుని సరస్సు లోపలి వైపే తిరగండి. సముద్రంలో కలిసే మొగ వైపు, పాటు సమయంలో, నమ్మకం లేని మోటారుతో పోకండి.

పాత ఇనుము సంగతి మీ ఆవిడతో ఇలా చెప్పండి: పైపు, పంపు కిట్టు, నీళ్ల పంపు రెక్కలు మార్చి, రెండు సిలిండర్ల ఒత్తిడి కొలిపించి చూస్తాం. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే మోటారు మన దగ్గరే ఉంటుంది, ఒకటి బాగా పడిపోయి ఉంటే ఆవిడ మాటే నెగ్గుతుంది.

ఆ '40' అంటే నాకు తోచింది, లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల నూనె. అంటే 25 పాళ్ల పెట్రోలుకు 1 పాలు నూనె. చాలా పాత మోటార్లకు ఆ లెక్క ఉండేది. తర్వాత వచ్చినవాటికి 50కి 1, అంటే లీటరుకు 20. మీరు ఎంత కలుపుతున్నారో రాయలేదు. నూనె ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గులు త్వరగా నల్లబడతాయి, తక్కువైతే ఇంజిను పట్టేస్తుంది. నూనె కూడా నీటితో చల్లబడే అవుట్‌బోర్డ్‌లకని టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్నదే కొనండి, స్కూటరు నూనె వద్దు. మీ మోడల్‌కు తయారీదారు చెప్పిన పాలు ఎంతో తెలిసేదాకా నాన్నగారు రాసిన 40నే పోయండి.